లేపడం వేరు, నిలబెట్టడం వేరు
(మహాసభల్లో చేసిన ప్రసంగ పాఠం)

 

నా పేరు పక్కన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు అని చూసి, నేను కంప్యూటర్ల గురించో ఉద్యోగాల గురించో మాట్లాడతానని కొందరు అనుకున్నారట. క్షమించాలి. నేను మాట్లాడబోయేది జాకీ గురించి. కారు చక్రం మార్చేటప్పుడు కింద పెడతామే, ఆ జాకీ. నవ్వండి, ఫరవాలేదు. మా ఇంట్లోనూ ముందు నవ్వారు. ఒక ఆదివారం తరవాత నవ్వడం మానేశారు. ఆ ఆదివారం సంగతి చెప్పడానికే వచ్చాను.

మనలో చాలామందిలాగే నేనూ చదివింది మెకానికల్, బతుకుతున్నది సాఫ్ట్‌వేర్ మీద. చదివినదాని మీద మమకారం చావక, నేనూ ఒక మిత్రుడూ కలిసి సింగపూర్‌లో ఒక పాత స్పోర్ట్స్ కారు కొన్నాం. ఎం.జి.బి. అంటారు. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండులోని అబింగ్డన్ ఊళ్ళో 5 లక్షలకు పైగా తయారు చేశారు. మాది 1971 నాటిది. పైకప్పు తీసేసే రకం, ఇద్దరు కూర్చోవచ్చు. మూడో మనిషి వస్తే ఒకరు దిగిపోవాలి.

సింగపూర్‌లో కారు కొనడం కన్నా కారుకు అనుమతి కొనడం కష్టమని అక్కడున్నవారికి తెలుసు. 1990లో మొదలైన ఆ అనుమతి పత్రం 10 ఏళ్ళకే చెల్లుతుంది. 35 ఏళ్ళు దాటిన బళ్ళకు మాత్రం వేరే పద్ధతి ఉంది. క్లాసిక్ వాహనంగా నమోదు చేయించుకుంటే ఏడాదికి 45 రోజులు రోడ్డెక్కించవచ్చు. మరి మిగతా 320 రోజులూ ఏం చేస్తారంటారా? దాని కిందే ఉంటాం. నేనుండేది ఫ్లాటులో కాబట్టి అక్కడ మరమ్మతులు కుదరవు. మిత్రుడిది వరండా ఉన్న ఇల్లు. అదే మా వర్క్‌షాపు.

2016లో ఒకసారి ముందు బ్రేకులు విప్పాలని నిర్ణయించుకున్నాం. కావలసిన సరుకు కోసం ఆదివారం సాయంత్రం లిటిల్ ఇండియాకు వెళ్ళాను. అక్కడి ఆదివారం సంగతి మీకు తెలిసిందే. సెరంగూన్ రోడ్డు మీద ఇసక వేస్తే రాలదు. టెక్కా మార్కెట్టు నుంచి ముస్తఫా దాకా తమిళం, బంగ్లా, మధ్యలో మన తెలుగు. వారమంతా కట్టడాల్లో పనిచేసే కుర్రాళ్ళు ఆ ఒక్కపూట ఊరివాళ్ళని కలుస్తారు, ఇంటికి డబ్బు పంపుతారు, టీ తాగుతారు. ఆ చివర సుంగే రోడ్డులో అప్పట్లో పాత సామాన్ల సంత ఉండేది. 2017 జులై 10తో మూసేశారు. అక్కడ చవగ్గా ఒక పాత జాకీ దొరికింది. జలాన్ బెసార్ వైపు హార్డ్‌వేర్ కొట్లో చిన్న స్టాండ్లు రెండు కొన్నాను. వెనక వైపుకి కూడా ఉంటాయి కదా అని, బోలు సిమెంటు ఇటుకలు రెండు తీసుకున్నాను. ఇవన్నీ చేతిబండిలో పెట్టుకుని టీ కొట్టు ముందు నిలబడ్డాను.

పక్కన నిలబడ్డ కుర్రాడు సరుకు వంక చూసి, "ఏటి సార్, ఇల్లు కడతన్నారా?" అన్నాడు. శ్రీకాకుళం యాస. కట్టడాల్లో క్రేన్ల దగ్గర బరువులు కట్టి ఎత్తించే పని అట. కారు కింద పెట్టడానికి అన్నాను. అతను టీ గ్లాసు పక్కన పెట్టేశాడు.

"ఇటుకల మీద పెడతారా బండిని? మా సైట్లో అలా పెడితే ఆ రోజే ఇంటికి పంపేస్తారు సార్. లేపడం వేరు, నిలబెట్టడం వేరు. లేపిందాని కింద మనిషి ఉండకూడదు. నిలబెట్టాక కూడా, ఓపాలి తోసి చూసి మరీ వెళ్ళాలి."

నాలుగేళ్ళు మెకానికల్ చదివినవాడిని. అతను చదివింది పదో తరగతి. ఆ మాటకి నాకు రోషం రాలేదు, మా బాబాయి గుర్తొచ్చాడు.

మా బాబాయిది విజయవాడ ఆటోనగర్‌లో లారీ మెకానిక్ షెడ్డు. 1996 వేసవి సెలవుల్లో నేను అక్కడే తిరిగేవాణ్ణి. "జాకీని నమ్మమాకరా, అదీ మనిషి లాంటిదే, అలిసిపోద్ది" అనేవాడు. లేపిన ఇరుసు కింద చెక్క దిమ్మలు పేర్చి గాని ఎవరినీ పోనిచ్చేవాడు కాదు. ఒక్కరోజు మాత్రం లోడు బండి త్వరగా పంపాలన్న తొందరలో, దిమ్మలు ఇంకో బండి కింద ఉన్నాయని రాళ్ళు పెట్టారు. రాయి పగిలింది. కింద ఉన్న క్లీనరు కుర్రాడికి నా వయసే. వాడు మళ్ళీ నడిచాడు గాని, మళ్ళీ లారీ ఎక్కలేదు. బాబాయి ఆ తరవాత ఆ మాట ఎవరికీ చెప్పలేదు. దిమ్మలు మాత్రం రెట్టింపు కొన్నాడు.

ఇటుకలు అక్కడే టీ కొట్టు వెనక వదిలేశాను. ఆ కుర్రాడి ఫోను నంబరు తీసుకున్నాను. "అన్నా" అని పిలవమన్నాను.

ఇక అసలు విషయం. జాకీని ఎందుకు నమ్మకూడదు? బరువు మోస్తున్నది లోపలి నూనె. ఆ నూనెని ఆపి ఉంచేది చిన్న రబ్బరు సీలు, గోళీ లాంటి వాల్వు. సీలు అరిగినా, వాల్వులో ఇసక రేణువు పడినా నూనె కారుతుంది, బండి దిగుతుంది. నేను కొన్న పాత జాకీ మొదటి రాత్రే వరండాలో నూనె మరక పెట్టింది. స్టాండులో నూనె లేదు. ఇనుము మీద ఇనుము కూర్చుంటుంది. అందుకే జాకీ లేపడానికి, స్టాండు నిలబెట్టడానికి.

సిమెంటు ఇటుక ఎందుకు పనికిరాదు? గోడలో బరువు దాని మీద సమంగా పరుచుకుంటుంది. కారు బరువు ఒక్కచోట గుచ్చుకుంటుంది. ఇనుమైతే వంగి ముందు చెబుతుంది. సిమెంటు చెప్పదు, ఒక్కసారిగా పగులుతుంది.

ఇన్ని తెలిసీ నేనేం చేశానో వినండి. మరుసటి ఆదివారం ఆ తమ్ముడు రాలేకపోయాడు, డ్యూటీ పడింది. మిత్రుడు లోపల ఫోనులో ఉన్నాడు. నేనొక్కణ్ణే ముందువైపు లేపి, రెండు స్టాండ్ల మీద దించాను. హ్యాండ్ బ్రేకు వేసే ఉంది కదా అని వెనక చక్రాలకు అడ్డం ఏమీ పెట్టలేదు. విప్పిన చక్రాలు రెండూ, స్టెప్నీతో సహా, బండి పక్క అంచుల కిందికి తోశాను. అది మాత్రం తమ్ముడు ఫోనులో పదే పదే చెప్పిన మాట. కిందికి దూరబోతూ, అతను చెప్పిన రెండో మాట గుర్తొచ్చి, లేచి బానెట్టు మీద రెండు చేతులూ ఆనించి గట్టిగా తోశాను.

బండి కదిలింది. మెల్లగానే కదిలింది. గేటు వైపు ఒక జానెడు జరిగింది. స్టాండ్లు రెండూ ఒరిగాయి, ముందు భాగం ధనామని వచ్చి చక్రాల మీద పడింది. నేను నిలబడే ఉన్నాను. కింద పరిచిన అట్ట మీద, ఒక్క నిమిషంలో నా తల ఉండబోయే చోట, బ్రేకు డిస్కు అంచుల బరువంతా ఆ టైర్ల మీద ఆగి ఉంది. లోపల్నుంచి మిత్రుడి భార్య పరుగెత్తుకొచ్చి, "అన్నయ్యగారూ, ఉన్నారా?" అని అడిగింది. ఉన్నానని చెప్పడానికి నాకు కాస్త సమయం పట్టింది.

ఆ రాత్రి నిద్ర పట్టక కాగితం తీసుకుని లెక్క వేశాను. బండి బరువు సుమారు 950 కిలోలు. అందులో సగం, 475 కిలోలు, ముందు స్టాండ్ల మీద ఉందనుకుందాం. నా స్టాండ్ల అడుగు వెడల్పు 20 సెంటీమీటర్లు, లేపిన ఎత్తు 40. అవి ఒరగాలంటే కావలసిన అడ్డ బలం 475ని 10తో గుణించి 40తో భాగిస్తే సుమారు 120 కిలోలు. చాలా ఎక్కువే అనిపిస్తుంది. కానీ వాననీరు పోవడానికి వరండా గేటు వైపు వాలుగా కట్టారు. 20 అడుగులకు ఒక అడుగు వాలు అంటే 950 కిలోల బండిని 47 కిలోల బలం ఎప్పుడూ కిందికి లాగుతూనే ఉంటుంది. పాత కారు హ్యాండ్ బ్రేకు కేబులు సాగి ఉంది, పట్టలేదు. మిగిలింది 73 కిలోలు. ఒక మనిషి ఒళ్ళు వంచి తోస్తే ఆ బలం వస్తుంది. తుప్పు పట్టిన నట్టుకు పొడుగు పైపు తగిలించి లాగినా వస్తుంది. అంటే, కింద పడుకుని ఆ నట్టు లాగి ఉంటే, నా చేత్తోనే బండిని నా మీదికి లాక్కునేవాణ్ణి. స్టాండు మీద రాసిన టన్నులు నిలువు బరువు గురించి చెబుతాయి. పడగొట్టేది అడ్డ బలం. దాని గురించి ఆ చీటీ మీద ఏమీ రాయరు.

అందుకని మా వరండాలో ఇప్పుడు పాటిస్తున్న పద్ధతి ఇది. మీ దగ్గర పాత కారు లేకపోయినా, ఉన్న కారుకీ ఇదే వర్తిస్తుంది.

మొదట నేల. చదునుగా, గట్టిగా ఉండాలి. ఎండలో తారు మెత్తబడి స్టాండు కాళ్ళు దిగిపోతాయి. తారు మీద తప్పనిసరైతే కింద మందపాటి ప్లైవుడ్ వేయండి. వాలు ఉన్న చోట ఆ పని వద్దు. మేం వరండాలో సమంగా ఉన్న లోపలి భాగానికి మారాం.

రెండోది చక్రాలు. నేల మీద మిగిలే చక్రాలకు ముందూ వెనకా చెక్క ముక్కలు అడ్డం పెట్టండి. మా బండిలో హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలకే. ఇంజను తిప్పేదీ వెనక చక్రాలనే. కాబట్టి వెనక వైపు లేపితే బ్రేకూ, గేరూ రెండూ పనికిరావు. ముందు పెట్టిన చెక్క ముక్కలే దిక్కు.

మూడోది, బిగుసుకున్న చక్రాల నట్లు బండి నేల మీద ఉండగానే వదులు చేయండి. లేపాక బలప్రయోగం వద్దు.

నాలుగోది లేపడం. జాకీ చేయి పైకి లేస్తూ వంపు తిరుగుతుంది. కాబట్టి జాకీ చక్రాలు నేల మీద స్వేచ్ఛగా దొర్లాలి. దొర్లకపోతే కారుని పక్కకు లాగుతుంది. ఈ దశలో చెయ్యి కూడా కిందికి పోనివ్వకండి.

ఐదోది స్టాండు పెట్టే చోటు. ఎం.జి.బి.కి ముందువైపు చట్రం కడ్డీల కింద, వెనకవైపు ఇరుసు గొట్టం కింద, కమానుకి దగ్గరగా పెడతాం. నూనె తొట్టి కింద, పల్చటి నేలరేకు కింద పెట్టకూడదు. బ్రేకు గొట్టాలు నలగకుండా చూసుకోవాలి. పాత బండిలో బయటికి మెరిసే రంగు వెనక తుప్పు ఉంటుంది. ముందు స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. పైకప్పు లేని బండికి తలుపుల కింది పెట్టెలే వెన్నెముక. అవి తినేసి ఉంటే, లేపగానే తలుపు సందు మారుతుంది. సందు మారిందంటే బండి వంగుతోందని అర్థం, దించేయండి.

ఆరోది, స్టాండు నాలుక పళ్ళలో పూర్తిగా కూర్చుందా అని కంటితో చూడండి. 2020 మార్చిలో అమెరికాలో ఒక పెద్ద పనిముట్ల దుకాణాల సంస్థ తన 3 టన్నుల, 6 టన్నుల స్టాండ్లను లక్షల సంఖ్యలో వెనక్కి పిలిచింది. నాలుక పళ్ళలో సరిగా ఇమడక, కదిలితే జారిపోయే ప్రమాదం ఉందని తేలింది. వాటికి బదులిచ్చిన 3 టన్నుల స్టాండ్లలోనూ కొన్నిటికి వెల్డింగు లోపం ఉందని అదే ఏడాది జులైలో వాటినీ పిలిచారు. కొత్తదైనా చూసే వాడాలి. రాసిన బరువు ఒక్కదానికా, జతకా అన్నది కూడా చదవాలి. అవసరమైనంత ఎత్తుకే లేపండి. నా లెక్కలోనే, 40 సెంటీమీటర్ల బదులు 30 అయితే ఒరగడానికి 158 కిలోలు కావాలి.

ఏడోది, తోసి చూడండి. పడేదైతే మీరు బయట ఉండగానే పడనివ్వండి. నిలిచాక, జాకీని కొద్దిగా ఆనించి ఉంచండి. విప్పిన చక్రాన్ని అంచు కిందికి తోయండి. మా వృత్తిలో బ్యాకప్ లేకుండా ఏ పనీ చేయం. ఒంటికి మాత్రం బ్యాకప్ ఎందుకో మరిచిపోతాం.

చివరిది, ఒంటరిగా చేయకండి. కింద ఉన్నట్టు ఇంట్లో ఒకరికి తెలియాలి. సింగపూర్‌లో అంబులెన్సు 995 అని మిత్రుడి ఇంటి వరండా గోడ మీద పెద్ద అంకెలతో రాసి ఉంది. అది రాసింది నా భార్య.

ఆ తరవాతి ఆదివారం తమ్ముడు వచ్చాడు. కింద వంగి, నాలుగు మూలలా చూసి, వెడల్పు స్టాండ్లు కొనమన్నాడు, కొన్నాను. రెండు చేతులతో తోశాడు. కదల్లేదు. "ఇప్పుడెల్లండి అన్నా" అన్నాడు. ఆ అనుమతి చూపించే పత్రం నా దగ్గరేమీ లేదు గాని, నా డిగ్రీ కన్నా దానికే ఎక్కువ విలువ ఇస్తాను.

మిత్రులారా, ఇలాంటి సభల్లో మనం ఎంత ఎత్తుకు ఎదిగామో చెప్పుకుంటాం. చెప్పుకోవాలి కూడా. ఆ ఎత్తైన భవనాలు కట్టే చోట ఏది ఎలా నిలబడుతుందో రోజూ చూసేవాళ్ళు లిటిల్ ఇండియాలో ఆదివారం టీ తాగుతూ కనిపిస్తారు. ఈసారి వెళ్ళినప్పుడు పలకరించండి. ఇంటికెళ్ళాక, మీ కారు డిక్కీలో ఉన్న జాకీని ఒకసారి తీసి చూడండి. దాని మీద నమ్మకంతో మాత్రం బండి కిందికి వెళ్ళకండి.