పొదుపు ఎవరికి చెప్తున్నరు?

(ఉప్పుగూడలో విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉప్పుగూడ స్టేషన్ల పొద్దుగాల ఎంఎంటీఎస్ ఎక్కి కాచిగూడకో, సికింద్రాబాద్‌కో పనికి పొయ్యేటోళ్లకు పొదుపు ఒకరు నేర్పాల్నా? నూనె ప్యాకెట్ ఎన్ని దినాలు రావాల్నో మన అమ్మలకు ఎరుకే. అయినా కష్టమొచ్చినప్పుడల్లా సర్కార్లు మనకే పొదుపు పాఠం చెప్తయి. ఆ పాఠానికి సక్కగ జవాబు చెప్పేటోడు కార్టూనిస్టు.

కార్టూన్ పొదుపును ఎగతాళి చెయ్యదు. చెప్పేటోన్ని, వినేటోన్ని పక్కపక్కన నిలబెడ్తది. ఉపన్యాసంల మంత్రి మాటలే వినబడ్తయి. బొమ్మల ఆయన పొట్ట, కారు గూడ కనబడ్తయి. ఆర్.కె.లక్ష్మణ్ గీసిన సామాన్యుడు నోరు తెరువడు, ఊకె చూస్తడు. ఆ చూపు చాలు.

చెప్పేటోడు చేసి చూపెడితే ఎవరూ నవ్వరు. 1965ల లాల్‌బహదూర్ శాస్త్రి వారానికి ఒక పూట తిండి మానుమన్నడు. ముందుగాల తన ఇంట్ల అమలు చేసినంకనే దేశాన్ని అడిగిండంటరు. అందుకే జనం విన్నరు. 1973ల పెట్రోల్ పిరమైంది. ఇందిరాగాంధీ పొదుపు పేరు మీద గుర్రబ్బగ్గీ ఎక్కింది. ధరల మీద నిరసనగ వాజపేయి ఎడ్లబండి మీద పార్లమెంటుకు పోయిండు. కార్టూనిస్టు గీసేది నాయకులే ఆడి చూపిండ్రు.

2011 సెప్టెంబర్‌ల ప్రణాళికా సంఘం సుప్రీంకోర్టుకు ఏం చెప్పింది? పట్నంల రోజుకు 32 రూపాయలు, పల్లెల 26 రూపాయలు ఖర్చు పెట్టేటోడు పేదోడు కాడన్నది. అదే నెల 13 నుంచి మన ఉద్యోగులు 42 దినాలు సకల జనుల సమ్మె చేసిండ్రు. జీవో 177 నెత్తి మీద కత్తి. అప్పుడు మనంతట మనమే కడుపు కట్టుకున్నం. అడిగినోడు, చేసినోడు ఒక్కడే. అక్కడ కార్టూన్‌కు పని లేకుండె.

ఇగ రాష్ట్రం వచ్చినంక సంగతి. 2020 మార్చిల కరోనా పేరు మీద మన సర్కారు ముఖ్యమంత్రికి, మంత్రులకు 75 శాతం, ఉద్యోగులకు సగం, నాల్గో తరగతి వాళ్లకు 10 శాతం జీతం ఆపింది. పింఛన్‌దార్లకు గూడ సగమే. పైవాళ్లకు ఎక్కువ ఆపిండ్రు, ఒప్పుకోవాలె. తర్వాత వాయిదాలల్ల తిరిగిచ్చిండ్రు. గని ఆ నెల ఇంటి కిరాయి ఆగిందా? అదే ఏడాది జూలైల పాత సచివాలయం కూల్చుడు మొదలైంది. 2023 ఏప్రిల్ 30న కొత్తది తెరిచిండ్రు. సగం జీతం చీటీ, కొత్త గుమ్మటం ఒక్క డబ్బల గీయుండ్రి. కింద ఒక్క మాట రాయకున్నా కార్టూనే.

ఉద్యమ కాలంల వలస పాలకుల మీద గీస్తే చప్పట్లు కొట్టినం. మనోళ్ల మీద గీస్తే మొఖం ముడుసుకుంటే ఎట్ల? నన్ను గూడ వదలొద్దని నెహ్రూ కార్టూనిస్టు శంకర్‌కు చెప్పిండంటరు. ఆ శంకర్స్ వీక్లీ 1975ల, ఎమర్జెన్సీ కాలంల మూతబడ్డది. మన శేఖర్ కేన్సర్‌తోని కొట్లాడుకుంట గూడ గీసిండు. రాష్ట్రం ఏర్పడేకంటే కొద్ది దినాల ముందు, 2014 మేల పోయిండు. ఆ కుంచెకు మన జెండా, వాళ్ల జెండా అని లేదు.

విద్యార్థులారా, ఏ సర్కారు పొదుపు చెయ్యమన్నా ముందుగాల ఒక్కటే అడుగుండ్రి: మీ ఇంట్ల ఏం తగ్గించిండ్రు? ఆ మాట అడిగే గీతను కాపాడుకునుడు మన పని.