కొలువు చూపని శిక్షణ ఎవరి కోసం?

(విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



1969 ఉద్యమం యాడ రాజుకుందో ఒక్కసారి యాది చేసుకుందాం. పాల్వంచల! థర్మల్ కేంద్రం మన గడ్డ మీద, మన బొగ్గుతోని నడుస్తుంటే కొలువులు పరాయివాళ్లకు పోయినయి. అర్హులైన స్థానికులు దొరకలేదన్న మాట ఆనాడు ముల్కీ నిబంధనలను సడలించడానికి సాకైంది. ఆ సాకును శాశ్వతంగా పాతిపెట్టాలంటే ఉత్తర్వులొక్కటే చాలవు, శిక్షణ కావాలె.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. 2018 రాష్ట్రపతి ఉత్తర్వులతో ప్రభుత్వ నియామకాల్లో 95 శాతం స్థానికులకు దక్కింది. కానీ ప్రైవేటు ఫ్యాక్టరీ గేటుకు ఆ ఉత్తర్వు వర్తించదు. అక్కడ చేతిలోని పనితనమే మన ముల్కీ సర్టిఫికెట్.

2024లో ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ప్రభుత్వ ఐటీఐలను రూ. 2,324 కోట్లతో అధునాతన శిక్షణ కేంద్రాలుగా మార్చే పని మొదలుపెట్టింది. అదే ఏడాది స్కిల్స్ యూనివర్సిటీకి చట్టం చేసింది. మంచిదే, స్వాగతిద్దాం. కానీ మూడు ప్రశ్నలు అడుగుదాం.

ఒకటి: కొత్త మిషన్ వస్తే దాన్ని నేర్పే సారెవరు? పర్మనెంటు బోధకుడు లేని వర్క్‌షాపు తాళం వేసిన గోదాముతో సమానం.

రెండు: అప్రెంటిస్‌షిప్ సంగతేంది? 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థ 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలని 2019 నిబంధనలు చెప్తున్నయి. అయితే శిక్షణ ముగిసినంక కొలువు ఇచ్చి తీరాలని 1961 చట్టంలో లేదు. తక్కువ స్టైపెండుకు ఏడాది పని చేయించుకుని ఇంటికి పంపితే అది శిక్షణ కాదు, చవక కూలీ. రాయితీ భూమి తీసుకున్న కంపెనీ ఎందరు అప్రెంటిస్‌లను పర్మనెంటు చేసిందో ప్రతి ఏటా లెక్క చెప్పాలె.

మూడు: ఐటీఐ చదివిన బిడ్డకు పైచదువు దారేది? పాలిటెక్నిక్‌కు లేటరల్ ఎంట్రీ పరీక్ష ఉన్నది. మరి ఇప్పటికే పనిలో ఉన్నోళ్ల సంగతి? సర్టిఫికెట్ తీసుకుని పనికిపోయి, మళ్లొచ్చి డిప్లొమా చేసుకునే వీలు కోసమే యూజీసీ కమ్యూనిటీ కాలేజీల పథకం తెచ్చింది. అలాంటి సాయంత్రం తరగతులు ప్రతి జిల్లా కేంద్రంలో తెలుగు, ఉర్దూల్లో నడవాలె.

ఉద్యోగ మిత్రులారా, ఫైలు మీ టేబుల్ మీదికే వస్తది. ఎన్ని సర్టిఫికెట్లు పంచినమని కాదు, ఎందరికి కొలువు దొరికిందని రాయండి. నీళ్లు, నిధులు, నియామకాలు అన్న నినాదంలో మూడో మాటకు అదే అసలు లెక్క.

జై తెలంగాణ!