పండుగ దినములలో చిత్రకారుని పని

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాసము)



ఇరువదియైదు సంవత్సరములు నిండిన గ్రంథాలయమునకు ఆస్తి యేమని అడిగినచో బీరువాలను, బల్లలను చూపుట పరిపాటి. కాని నిజమైన ఆస్తి యంతయు పుస్తకముల రిజిస్టరులో నున్నది. వరుస సంఖ్య, పుస్తకము పేరు, గ్రంథకర్త, ప్రకాశకులు, వెల, చేరిన తేది – ఇన్ని గడులు అందు కలవు. బొమ్మలు వేసినవాని పేరునకు మాత్రము గడి లేదు. పొలము లెక్కలనైనను చూడుడు. అడంగలునందు పట్టాదారు పేరు ఒక గడిలోను, భూమిని అనుభవించుచున్నవాని పేరు వేరొక గడిలోను వ్రాయుదురు. పట్టా యొకరిది, చెమట యొకరిది అయినప్పుడు ఇరువురి పేర్లును లెక్కలోనికి రావలెననుటయే అందలి న్యాయము. పుస్తకమను పొలమున సేద్యము చేసిన చేతులలో నొకదానికి ఇంతవరకు పద్దు లేకపోయినది. ఆ చేయి ఎట్లు శ్రమించును, దాని పేరెందుకు నిలువవలెను అనునదే నేటి ప్రసంగ విషయము. మార్గశిర పుష్యమాసములు చిత్రకారునకు ఊపిరి సలుపని కాలము గనుక ఆ దినములనే ముఖ్యముగా గ్రహించుట జరిగినది.

చిత్రము గీసినవారి పేరు చెడక నిలిచిన కథ మన పురాణములలో ఒకటి కలదు. బాణాసురుని కూతురు ఉష కలలో నొక రాకుమారుని గాంచి, మేల్కాంచి, అతడెవ్వడో ఎరుగక కుమిలిపోయెను. పేరు తెలియదు, ఊరు తెలియదు. అప్పుడు చెలికత్తెయైన చిత్రలేఖ దేవతలను, గంధర్వులను, భూమండలమందలి రాజకుమారులను వరుసగా చిత్రించి చూపెను. యాదవుల వంతు వచ్చినది. ప్రద్యుమ్నుని పటము చూచి ఉష కొంచెము సిగ్గుపడెను. అనిరుద్ధుని పటము చూచి తల వంచుకొని, ఇతడే యనెను. తండ్రికిని కొడుకునకును పోలిక యుండును; ఆ పోలికను చూపుచునే ఇరువురికిని గల భేదమును గీతలో నిలిపినది చిత్రలేఖ. మాట చెప్పలేని చోట గీత చెప్పినది. కథకు బొమ్మ వేయువాని ధర్మమంతయు ఈ ఒక్క ఘట్టమున నిమిడియున్నది.

ఇక మన సీమకు వత్తము. కర్నూలు జిల్లా కేతవరము వద్ద బండలపై ఆదిమానవులు రంగులతో గీసిన బొమ్మలు నేటికిని గలవు. గీసినవారెవరో ఎవ్వరును చెప్పజాలరు. అహోబిలమున కృష్ణదేవరాయలు స్వామిని సేవించి కానుకలు సమర్పించిన సంగతిని శాసనము చెప్పుచున్నది. ఆ మండపముల స్తంభములపై చెంచులక్ష్మీ నరసింహులను మలచిన ఉలి ఎవరిదో స్తంభము చెప్పదు. ఎఱ్ఱాప్రగ్గడ నృసింహపురాణమును రచించెను. ఆయన పేరు నిలిచినది. పింగళి సూరన కళాపూర్ణోదయమును నంద్యాల కృష్ణరాజునకు అంకితమొసగెను. నాలుగు శతాబ్దములు గడచినను ఇచ్చినవాని పేరును, పుచ్చుకొన్నవాని పేరును నిలిచినవి. వ్రాతకు గల ఈ భాగ్యము గీతకు లేకపోయినది.

ఆళ్లగడ్డ శిల్పుల పని నేడు దేశదేశముల ప్రసిద్ధమైనది. ఆళ్లగడ్డ రాతి చెక్కడమునకు భౌగోళిక సూచిక గుర్తింపు కూడ లభించినది. చూచువారు అది కేవలము ఉలి పని యని తలంతురు. కాని ఉలికి ముందు గీత గలదు. విగ్రహమునకు తాళమానము చొప్పున ముఖమెంత, వక్షమెంత, జానువు ఎచ్చట అని కొలచి, రాతిపై గీసుకొనిన పిమ్మటనే సుత్తె లేచును. కాగితముపై గీత తప్పినచో మరియొక కాగితము దొరకును; రాతిపై నాసిక వద్ద పెచ్చు ఎగిరినచో శిల యంతయు వ్యర్థము. అందుచేత శిల్పికి చిత్రలేఖనము ప్రాణము వంటిది. ఒక విధముగా నతడు స్థలపురాణమునకు రాతిలో బొమ్మలు వేయువాడు.

ఇప్పుడు పుస్తకములకును పత్రికలకును బొమ్మలు వేయువాని దినచర్యను చూతము. లోకమునకు సంక్రాంతి పుష్యమాసమున వచ్చును. చిత్రకారునకు కార్తికముననే వచ్చును. పండుగ ప్రత్యేక సంచిక జనుల చేతికి అందవలెనన్నచో కథలు కొన్ని వారముల ముందే అతని బల్లపైకి చేరును. ఊరిలో ఇంకను వరికోతలు ముగియకుండగనే అతడు భోగిమంటను గీయును, గంగిరెద్దును గీయును, గొబ్బెమ్మల చుట్టును తిరుగు బాలికల లంగాలకు అంచులు దిద్దును. తీర పండుగనాటికి అతని మనస్సు ఉగాది సంచికపై నుండును. పండుగను అందరికంటె ముందు చూచువాడును అతడే, పండుగనాడు పండుగ లేనివాడును అతడే.

బొమ్మ వేయుటకు ముందు చేయవలసిన పని చదువుట. కథను ఒకసారి చదివినచో చాలదు. ఏ ఘట్టమును గీయవలెనో నిర్ణయించుటలోనే సగము పాండిత్యము గలదు. కథ చివరనున్న రహస్యమును బొమ్మ ముందుగా బయటపెట్టరాదు. అట్లని కథతో సంబంధము లేని ముఖము నొకదానిని గీసి ఊరకుండరాదు. కథకుడు ముసలమ్మకు ఊతకర్ర నిచ్చినచో బొమ్మలో కర్ర యుండవలెను. కథ రాయలసీమ పల్లెలో జరిగినచో గోడలు నాపరాతివి కావలెను గాని కోనసీమ కొబ్బరితోట కారాదు. ఇంతయు కుదిరిన పిదప పెన్సిలుతో చిత్తుగీత. దానిపై నల్లసిరాతో తుదిగీత. జింకు బ్లాకుల కాలమున అచ్చుకావలసిన పరిమాణముకంటె పెద్దదిగా గీసెడివారు. ఛాయాగ్రహణముచే చిన్నదిగా చేసినప్పుడు చేతి వణుకు కనబడక గీత చిక్కబడును. గీత మరీ సన్నమైనచో ఆమ్లమున కరగిపోవును. గీతలు దగ్గరపడినచో అచ్చులో సిరా అలముకొనును. కనుక చిత్రకారునకు కుంచె మాత్రమే తెలిసిన చాలదు, ముద్రణాలయము లోపలి సంగతియు తెలియవలెను. వేకువ చలిలో కాగితముపై రంగుల తడి త్వరగా ఆరదు. ఒక పూతపై మరియొక పూత వేయుటకు తొందరపడినచో రెండును కలసి మురికియగును. సంచిక గడువు తరుముచున్నను తడి ఆరువరకు చేతులు ముడుచుకొని కూర్చుండుట ఆ వృత్తిలోని యొక తపస్సు.

ఈ తపస్సు చేసిన వారిలో ముగ్గురిని స్మరించుట న్యాయము. 1947 జూలైలో బి. నాగిరెడ్డి, చక్రపాణి గారలు చందమామను వెలువరించిరి. రాజు శవమును భుజముపై వైచుకొని కత్తి చేతబూని శ్మశానమున నడచుచున్న బేతాళకథల బొమ్మను ఎరుగని తెలుగు పాఠకుడుండడు. దానిని గీసినవారు శంకర్ గారు. పూర్తి పేరు కె. సి. శివశంకరన్, తమిళనాట జన్మించినవారు, 2020లో తొంబదియారేండ్ల వయసున దివంగతులైరి. కొన్ని దశాబ్దములపాటు ఆ రాజు మన యిండ్లలో నడచుచునే యున్నాడు. నడిపించినవాని పేరు ఎందరు చెప్పగలరు?

రెండవవారు వడ్డాది పాపయ్య గారు. 1921లో శ్రీకాకుళమున జన్మించి, కశింకోట పాఠశాలలో చిత్రలేఖనోపాధ్యాయులుగా పని చేయుచు, చందమామకును యువకును ముఖచిత్రములు వేసిరి. 1992లో కీర్తిశేషులైరి. ఒక చిన్న ఊరి బడిలో పిల్లలకు గీతలు నేర్పుచు, ఇంటింట భద్రపరుపదగిన వర్ణచిత్రములను సృజించిన ఆ జీవితమును చూచిన పిమ్మట, పల్లెలో నుండి ఏమి సాధింపగలము అని నిట్టూర్చుటకు తావు లేదు.

మూడవవారు బాపు గారు. 1933 డిసెంబరు 15న నరసాపురమున జన్మించిరి, అసలు పేరు సత్తిరాజు లక్ష్మీనారాయణ, 2014లో స్వర్గస్థులైరి. ధనుర్మాసమున ముప్పది దినములు పాడుకొను తిరుప్పావైకి ముళ్ళపూడి వెంకటరమణ గారు తెలుగుమాట కూర్పగా బాపు గారు బొమ్మలు వేసిరి. పాశురములలో పెక్కింట వేకువజామే, చెలులే, మేలుకొలుపే. చూచుటకు ఒక్కటివలె నుండును. ఒక దానివలె వేరొకటి కాకుండ బొమ్మ వేయుట ఎంతటి పరీక్షయో ఊహింపదగును. అహోబిలము ఆళ్వారులు కీర్తించిన దివ్యదేశము. ధనుర్మాసము ఈ సీమకు కొత్తగాదు. వినుచున్న పాశురమునకు ముఖమును, భంగిమను ఇచ్చినవాడు చిత్రకారుడు.

అచ్చు బొమ్మల మాట యట్లుండగా, ఇదే మాసమున ఇంటింటి వాకిట చిత్రశాల వెలయును. చుక్కలు పెట్టి మెలికలు త్రిప్పు స్త్రీలు రబ్బరు ఎరుగరు, చిత్తుప్రతి ఎరుగరు. బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ పిండిని జార్చుచు ఒక్క తీగగా గీతను లాగి మొదలిడిన చోటికి చేర్తురు. రథము ముగ్గు వేసిననాడు ఒక యింటి రథపుత్రాటిని పొరుగింటి త్రాటితో కలుపుదురు. వీథి యంతయు ఒక్క చిత్రమగును. మధ్యాహ్నమునకు బండ్లు, పశువులు త్రొక్కగా అది చెరిగిపోవును. కనుమనాడు అహోబిల నారసింహుడు పారువేటకు బయలుదేరి, చెంచుల బాణములను పల్లకి వద్ద స్వీకరించి, నలువది దినములకు పైగా ఆళ్లగడ్డ ప్రాంతపు గ్రామములలో సంచరించును. స్వామియే తన కల్యాణమునకు జనులను పిలువవచ్చునని పెద్దలు చెప్పుదురు. ఆ పల్లకి ముందు నేలపై తీర్చిన ముగ్గులు ఎన్ని వేలో! ఒక్కదానికిని పేరు లేదు, నకలు లేదు.

నంద్యాల పట్టణమున ఇదే ఋతువున మరియొక సందడి కలదు. హోలీక్రాస్ కెథెడ్రలు గల పట్టణమగుటచే డిసెంబరున క్రిస్మసు నక్షత్రములు వీథుల వెలుగును. నూతన సంవత్సరపు క్యాలెండరులు, శుభాకాంక్షల కార్డులు, దుకాణముల పేరుపలకలు – ఈ మాసములే చేతిపని చిత్రకారులకు కోతకాలము. ఫ్లెక్సీ అచ్చు వచ్చిన పిమ్మట ఆ కోత పలుచనైనది. కుంచెతో అక్షరము దిద్దుటకు ఒక దినము పట్టిన పలక, యంత్రమున కొలది నిమిషములలో సిద్ధమగుచున్నది. ఇప్పుడు కోరిన బొమ్మను మాటతో చెప్పినంతనే గీసియిచ్చు కంప్యూటరు విద్యయు వచ్చినది.

ఇచ్చట ఒక ఆక్షేపణ వినవచ్చును. చిత్రకారుడు పని చేసెను, కూలి పుచ్చుకొనెను, ఇక పేరెందుకు? చవుకగా, వేగముగా బొమ్మ దొరకుచుండగా చేతిబొమ్మ ఎందుకు? ఇది త్రోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. చిన్న దుకాణదారునకు వెల ముఖ్యమే. అతడు ఫ్లెక్సీ వేయించుకొనుట నేరము కాదు. కాని మొదటి ప్రశ్నకు చట్టమే సమాధానము చెప్పుచున్నది. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము బొమ్మకు కర్త దానిని గీసిన చిత్రకారుడే. హక్కులను సొమ్మునకు అమ్ముకొనినను, ఇది నా కృతి యని చెప్పుకొను హక్కు అతనికి పోదు. కూలి ముట్టినంతమాత్రమున కర్తృత్వము చెల్లిపోదని భావము. రెండవ ప్రశ్నకు సమాధానము మన యలమారలలోనే యున్నది. యంత్రము గీయు బొమ్మ పూర్వము ఎవరో చేతితో గీసిన లక్షలాది బొమ్మలనుండియే నేర్చుకొన్నది. ఆ చేతుల పేర్లు ఎచ్చటను వ్రాయకున్నచో, రేపటి బాలుడు బొమ్మ లన్నియు యంత్రమునుండియే పుట్టినవని నమ్మును. కుంచె పట్టవలెనను కోరికయే అతనికి కలుగదు. పేరు వ్రాయుట గతించినవానికి చేయు ఉపచారము మాత్రమే కాదు, రానున్నవానికి దారి చూపుట.

కర్నూలున జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు గ్రంథాలయోద్యమమునకు జీవితమును ధారవోసిరి. మన ప్రాంతమునకు రాయలసీమ యను పేరు 1928లో నంద్యాల ఆంధ్రమహాసభ సందర్భముననే స్థిరపడినది. ఒక్క మంచి పేరు పెట్టుటచే ఒక సీమ తన్ను తాను గుర్తించుకొన్నది. పేరునకు అంత బలము గలదు.

కనుక ఈ రజతోత్సవ సమయమున మూడు చిన్న పనులు గ్రంథాలయమునకు విన్నవింపదగియున్నవి. మొదటిది: రిజిస్టరులో చిత్రకారుని పేరునకు ఒక గడి చేర్చుట. ఇందుకు అయ్యెడి ఖర్చు ఒక ఎర్రసిరా గీత. పాత పుస్తకములను తెరచి, బొమ్మ మూలనున్న సంతకమును చదివి, గడి నింపు పని సంక్రాంతి సెలవులలో బాలబాలికలకు ఒప్పగింపవచ్చును. చదువని పుస్తకములను గూడ వారు తెరతురు. రెండవది: ధనుర్మాసమున ఊరి స్త్రీలు వేయు ముగ్గులను ఒక పెద్ద నోటుపుస్తకమున వారిచేతనే గీయించి, క్రింద వారి పేరు వ్రాయించుట. వాకిట చెరిగినది పుస్తకమున నిలుచును. మూడవది: గ్రంథాలయపు పేరుపలక నొకదానిని చేతితో వ్రాయించుట, వ్రాసినవాని పేరు ఒక మూల నుంచుట.

ఉష కలను కన్నది. కల గన్నవారు లోకమున కోట్లకొలది. ఆ కలకు రూపమిచ్చిన చిత్రలేఖ పేరును పురాణము విడువక చెప్పినది. పురాణము పాటించిన మర్యాదను గ్రంథాలయపు రిజిస్టరు పాటించుట పెద్ద పని కాదు. వచ్చు సంక్రాంతికి మొదటి పద్దు పడుగాక! శుభమస్తు.