మొక్కజొన్న మొవ్వులో దొంగ



మొక్కజొన్న చేలో పురుగు పడితే పట్నంలో ఉన్న మనకేమిటి అంటారా? కాల్చిన పొత్తుల మాట అటుంచండి. కోళ్ళ మేతలో సగానికి పైగా మొక్కజొన్నే. పంట దెబ్బతింటే ఆ సెగ గుడ్డు ధరకూ తగులుతుంది.

2018 మే నెలలో కర్ణాటకలో, మన దేశంలోకెల్లా మొదటిసారి, కత్తెర పురుగు కనిపించింది. దాని పుట్టిల్లు అమెరికా ఖండం. ఆ ఏడే తెలుగు జిల్లాలకూ వచ్చేసింది. తలమీద తిరగేసిన ఇంగ్లీషు 'వై' అక్షరం లాంటి గీత, తోక దగ్గర చదరంగా నాలుగు చుక్కలు దాని గుర్తు.

తల్లి రెక్కల పురుగు రాత్రిళ్ళు తిరిగి, ఆకుమీద గుంపుగా గుడ్లు పెట్టి పైన నూగు కప్పుతుంది. ఒక్క తల్లి వెయ్యికి పైగా పెట్టగలదు! రెండు మూడు రోజుల్లో పిల్లలు బయటికొచ్చి ఆకు పచ్చదనాన్ని గీకి తింటాయి. తెల్లని పొరలు మిగులుతాయి. పట్టుకోవలసింది అప్పుడే. కాస్త ఎదిగిందంటే మొవ్వులో దూరి, తన రెట్టనే తలుపుగా అడ్డం పెట్టుకుంటుంది. ఆ పైన ఎంత మందు కొట్టినా దానికి తగిలేది కొంచెమే. డబ్బు దండుగ, కొట్టేవాళ్ళ ఒంటికీ చేటు.

అందుకే మొలకెత్తినప్పటి నుంచీ చేలో దిగి చూడాలి. గట్టున నిలబడితే ఏం కనపడుతుంది? ఐదు చోట్ల ఆగి, చోటుకి ఇరవై మొక్కల మొవ్వులు విప్పి చూడాలి. నూటికి ఐదు మొక్కలు గీరినట్టుంటే వేపగింజల కషాయం కొట్టమంటారు శాస్త్రజ్ఞులు. గుడ్ల గుంపైతే చేత్తో నలిపేయడమే. తోటకూర ఆకు తిరగేసి చూడందే మనం కత్తిపీట ముందు కూర్చోం కదా, ఇదీ అంతే. అసలు కలుపు తీసే ఆడవాళ్ళ కళ్ళకే ఇవి ముందు పడతాయి. వాళ్ళని అడిగేవాళ్ళేరీ?

లింగాకర్షక బుట్టలనీ ఉన్నాయి. ఆడపురుగు వాసన గల ఎరకి మగపురుగులు వచ్చి పడతాయి. వాటిని లెక్కపెడుతుంటే గుడ్లు పెట్టే రోజులు వచ్చాయని ముందే తెలుస్తుంది. గట్టి వాన పడితే చిన్న పురుగులు మొవ్వులోనే మునిగి చస్తాయి. వాన మొహం చాటేసిన రోజుల్లోనే మరీ కనిపెట్టి ఉండాలి.

ఇక బజారులో కొన్న పొత్తు కొసన పురుగు కనిపిస్తే కెవ్వుమనకండి. ఆ మేరకు కోసేసి, మిగతాది కడిగి వండుకోండి. బూజు పట్టిందైతే మాత్రం మొత్తం పారేయండి.