కంఠమే వేషముగా: ఆగ్నెస్ మూర్‌హెడ్

రేడియో ముందు కూర్చుండి నాటకము వినునపుడు మనకు రంగమును కనబడదు, వేషమును కనబడదు. వినవచ్చు కంఠమును బట్టి మనమే మనుష్యుని కల్పించుకొందుము. ఈ విద్యలో ఆరితేరిన అమెరికను క్యారెక్టరు నటి ఆగ్నెస్ మూర్‌హెడ్‌ను గూర్చి నేడు ముచ్చటించుకొందము.

ఆమె 1900 లో మసాచుసెట్సు రాష్ట్రమునందలి క్లింటను పట్టణమున ఒక క్రైస్తవ మతాచార్యుని ఇంట జన్మించెను. న్యూయార్కులో నాటకకళ నభ్యసించి, రేడియో నాటకములలో పేరు గడించెను. పిమ్మట ఆర్సన్ వెల్సు నడపిన మెర్క్యురీ నాటక సమాజమున చేరి, 1941 లో 'సిటిజన్ కేన్' చిత్రముతో వెండితెర కెక్కెను. అందామె కథానాయకుని తల్లి. కన్నకొడుకును పరుల కప్పగించుచు, వాని పెట్టె వారము దినముల క్రిందటనే సర్ది యుంచితినని చెప్పును. కన్నీరు కార్చదు. కొలది నిమిషముల ఆ పాత్రను చూచినవారు మరువజాలరు.

1943 మే 25 న 'సస్పెన్స్' అను రేడియో కార్యక్రమమున, లూసిల్ ఫ్లెచర్ రచించిన 'సారీ, రాంగ్ నంబర్' నాటిక ప్రసారమయ్యెను. మంచము పట్టిన యొక స్త్రీకి, టెలిఫోను తీగలు కలిసిపోవుటచే ఒక హత్యకు జరుగుచున్న పన్నాగము వినబడును. ఆపరేటరుతోను, పోలీసులతోను ఎంత మొర పెట్టుకొన్నను లక్ష్యపెట్టువారు లేరు. హంతకులు చంపదలచినది తననే యని కడపట తెలియును. దర్పము విసుగుగాను, విసుగు భయముగాను మారు తీరును మూర్‌హెడ్ కంఠ మొక్కటియే చూపెను. ఆ నాటిక నామె పిమ్మట పలుమారులు వినిపించెను.

1948 లో నాటిక చలనచిత్రమైనపుడు మాత్ర మా పాత్ర ప్రసిద్ధ తారయగు బార్బరా స్టాన్విక్‌కు దక్కెను. అందులకై స్టాన్విక్ ఉత్తమ నటీమణి ఆస్కారు బహుమానమునకు ప్రతిపాదింపబడెను. అదే సంవత్సరమున మూర్‌హెడ్ 'జానీ బెలిండా' చిత్రమునకు సహాయపాత్రల వరుసలో నిలిచెను. ఆమె మొత్తము నాలుగుమారు లట్లు ప్రతిపాదింపబడియు ఒక్కసారియు గెలువలేదు. టెలివిజనులో 1964 నుండి 1972 వరకు 'బివిచ్డ్' ధారావాహికయందు మంత్రగత్తెయైన అత్తగారిగా ఇంటింట పరిచితురాలై, 1974 లో కన్నుమూసెను.

చిత్రసీమ జనము నాకర్షించు ముఖమును వెదకును. రేడియోకు కావలసినది నిజము పలుకు గొంతు. 1943 నాటి ఆ ప్రసారమును జాతి భద్రపరుపదగిన శబ్దముద్రణములలో నొకటిగా అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఎన్నుకొన్నది. తెర నిరాకరించిన పాత్ర ఆ విధముగా ఆమె కంఠముననే నిలిచినది.

నాటకము ముగిసి నటీనటుల పేర్లు చదువునపుడు మనలో పలువురము మీట త్రిప్పివేయుదుము. చిన్న పాత్రధారుల పేర్లు వచ్చునంతవరకైనను వేచియుండవలెనని మా మనవి.