మాటకూ మాటకూ మధ్య కాకినాడ



అనంతగిరి గుట్టల నడుమ ఉన్నవాళ్లకు సముద్రపొడ్డు ఊరి ముచ్చట ఎందుకని మీకు అనిపించవచ్చు. ఇక్కడ పుట్టిన మూసీ కూడా సముద్రం చూడాలంటే వాడపల్లి దాకా పోయి కృష్ణలో కలవక తప్పదు. అయినా కాకినాడ మనకు కొత్తదేం కాదు. కాకినాడ పోర్టు నుంచి షిర్డీ పోయే రైలు వికారాబాద్ మీదుగానే పోతుంది. ఆ ఊరి మనుషులైతే ఆ రైలు కన్నా ఎంతో ముందే మన టాకీసుల్లోకి వచ్చి కూర్చున్నారు. ఎస్వీ రంగారావు, రేలంగి, అంజలీదేవి, సూర్యకాంతం, రావు గోపాలరావు. ఈ పేర్లు తెలియని ఇల్లు తాండూరులో ఉండదు, తాడేపల్లిగూడెంలోనూ ఉండదు.

వీళ్లంతా కాకినాడలోనే పుట్టలేదు. రంగారావుది నూజివీడు, అంజలీదేవిది పెద్దాపురం, రేలంగిది రావులపాడు. సూర్యకాంతం, రావు గోపాలరావు మాత్రం కాకినాడ పక్క పల్లెలవాళ్లే. ఆమెది వెంకట కృష్ణరాయపురం, ఆయనది గంగనాపల్లి. ఆ రోజుల్లో కాకినాడలో యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ అని ఒక నాటక సమాజం ఉండేది. రంగారావు, రేలంగి, అంజలీదేవి ముగ్గురూ ముఖానికి రంగు పూసుకోవడం అలవాటు చేసుకుంది అక్కడే. రేలంగి మొదట్లో ఆడవేషాలు వేసేవాడు. రంగారావు చదువు తర్వాత బందరులో, విజయనగరంలో ఫైర్ ఆఫీసరుగా పనిచేశాడు. ఆ ఉద్యోగం వదులుకుని సినిమాకు పోతే మొదటి సినిమా 'వరూధిని' ఆడలేదు. జంషెడ్‌పూర్ వెళ్లి టాటా కంపెనీలో ఉద్యోగం చూసుకోవలసి వచ్చింది.

సరే, జీవిత చరిత్రలు పుస్తకాల్లో దొరుకుతాయి. ఈ పూట నేను చెప్పదలచింది, వీళ్లను ఎలా వినాలన్నది. నటనలో మాట పలికే పనిని వాచికం అంటారు. వాచికం అనగానే మనకు గంభీరమైన గొంతు, గుక్క తిప్పుకోకుండా దంచేసే డైలాగు గుర్తొస్తాయి. చప్పట్లు కూడా వాటికే పడతాయి. కాకినాడ స్టేజీ మీద తేలినవాళ్లలో నాకు నచ్చే గుణం వేరే ఉంది. వాళ్లకు ఎక్కడ ఆగాలో తెలుసు.

మన అనంతగిరి అడవిలో షూటింగులు జరగడం కొత్త కాదు. చూడటానికి పోయినవాళ్లు విసుక్కుంటూ తిరిగొస్తారు, పొద్దంతా నిలబడితే రెండు ముక్కలు కూడా తీయలేదని. కెమెరా ముందు ఆగడం అదొక రకం, లైటు కోసం, మబ్బు కోసం. నాటకంలో ఆగడం వేరు. ఎదురుగా జనం ఉంటారు. నవ్వు లేచినప్పుడు తర్వాతి మాట అనేస్తే ఆ మాట నవ్వులో కొట్టుకుపోతుంది. నవ్వు పూర్తిగా చల్లారేదాకా ఆగితే వెనక బెంచీలో ఎవడో ఈల వేసి ఆ జాగాను వాడి సొంతం చేసుకుంటాడు. ఈ రెంటికీ మధ్య, నవ్వు తగ్గుముఖం పట్టిన ఆ క్షణాన్ని పట్టుకోవాలి. ఏ గురువూ దాన్ని నేర్పలేడు. జనం ముందు పదిసార్లు చెడిపోయి నేర్చుకోవలసిందే.

ఇక రావు గోపాలరావు సంగతి చూద్దాం. 1975లో బాపు తీసిన 'ముత్యాల ముగ్గు'లో ఆయన కాంట్రాక్టరు. మాటలు ముళ్లపూడి వెంకటరమణవి. ఆ కాంట్రాక్టరు చేయించేవన్నీ కొంపలు కూల్చే పనులే, కానీ మనిషి గొంతు పెంచడు. పొద్దున్నే సూర్యోదయం చూసి మురిసిపోతాడు. ఆ ఎరుపును వర్ణించడానికి మాత్రం వాడికి ఖూనీ తప్ప మరో పోలిక తట్టదు. పక్కనున్నవాళ్లకు కళాపోషణ గురించి పాఠం చెబుతాడు. అప్పటిదాకా మన విలన్లలో ఎక్కువమంది కళ్లురిమి, పళ్లు కొరికి, వికటంగా నవ్విన బాపతు. ఈయన పట్టుచీర బేరమాడుతున్నంత తీరిగ్గా మాట్లాడతాడు. అంతకు కొన్నేళ్ల ముందు 'జగత్ కిలాడీలు'లో ఆయన వేషానికి వేరేవాళ్ల గొంతు పెట్టారని సినిమావాళ్లు చెప్పుకుంటారు. 'ముత్యాల ముగ్గు' తర్వాత అదే గొంతు రికార్డులకెక్కి పందిళ్ల మైకుల్లో మోగింది. జనం పాటల్ని విన్నట్టు మాటల్ని విన్నారు.

ఆ ఘట్టాలు ఇవాళ ఫోన్లో ఎవరికైనా దొరుకుతాయి. బొమ్మ చూడకుండా ఒకసారి వినండి. మొదటిసారి మీకు యాస వినిపిస్తుంది, ఆ గోదావరి సాగదీత. మనవైపు వాళ్లకు అది కాస్త వింతగానూ ఉంటుంది, అందుకే అక్కడే ఆగిపోతాం. మళ్లీ వినండి. కాంట్రాక్టరు తన సెక్రటరీని పిలిచే పిలుపు చూడండి, ఆ తర్వాత వచ్చే ఖాళీ చూడండి. పిలిచాక విషయం చెప్పడానికి తొందరపడడు. ఏం చెబుతాడోనని అవతలివాడి ప్రాణం గొంతులోకొచ్చేది ఆ కాస్త వ్యవధిలోనే. ఇంకో సంగతి గమనించండి. సూర్యుడి గురించి చెప్పినా, చావు గురించి చెప్పినా శ్రుతి మారదు. భయం పుట్టేది అక్కడే.

రంగారావు దగ్గరికొస్తే కంటికి కూడా పని చెప్పాలి. 'మాయాబజార్' 1957లో వచ్చింది. అందులో ఘటోత్కచుడు రంగారావు, వాళ్లమ్మ హిడింబి సూర్యకాంతం, లక్ష్మణ కుమారుడు రేలంగి. మన పిల్లలు కూడా కంఠతా చెప్పే సినిమా కాబట్టి దాని కథ నేను చెప్పనక్కర్లేదు. మీకొక చిన్న పని అప్పగిస్తాను. రంగారావు నటన ఎలాంటిదో తెలియాలంటే ఆ సినిమాలో ఆయన కనపడని ఘట్టాలు చూడండి. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ఎత్తాక తెర మీద ఉండేది సావిత్రి. ఆవిడ నడకలో, భుజం విరుపులో, ఛాతీ పొంగించి కళ్లెగరేసే తీరులో రంగారావు ఉంటాడు. ఒక నటుణ్ని మరొకరు ఇంత స్పష్టంగా చూపించగలిగారంటే, మొదటివాడి పద్ధతి ఎంత స్ఫుటంగా ఉండి ఉండాలి! అది చూశాక వెనక్కి వెళ్లి అసలు ఘటోత్కచుణ్ని చూడండి. ముందు భుజం కదులుతుంది, ఆ తర్వాత చూపు, చివర్న మాట. ఆ మూడూ కలిసి రావడం చాలా అరుదు. 'నర్తనశాల'లో కీచకుడికీ అదే లెక్క. ఆ వేషానికి జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది.

'మాయాబజార్' పెళ్లి పీటల ఘట్టంలో రేలంగిని కూడా వదలకండి. మాయా శశిరేఖ కాలు తొక్కుతుంది. అరవాలి, కానీ పెళ్లికొడుకు అరిస్తే పరువు పోతుంది. నొప్పి, సిగ్గు, అనుమానం, దొర బిడ్డనన్న బింకం, ఈ నాలుగూ ఒకదాని వెనక ఒకటి ఆ మొహం మీదికొస్తాయి. దేనికి దక్కాల్సిన జాగా దానికి దక్కుతుంది.

సూర్యకాంతం ఈ లెక్కకు లొంగదు, ఆవిడ ఆగదు. గుండమ్మగా ఆవిడ నోరు తెరిచిందంటే అవతలివాళ్లకు సందు దొరకదు. సూర్యకాంతం అన్న పేరు తమ ఆడపిల్లలకు పెట్టుకోవడం తెలుగువాళ్లు మానేశారని అందరూ చెప్పేదే, నేనూ చెప్పి ప్రయోజనం లేదు. నన్నడిగితే ఆవిడ ఎడమ చెయ్యి చూడమంటాను. మాట గుక్క తిప్పుకోకుండా పరుగెడుతుంటే, ఎక్కడ ఆపాలో, ఎక్కడ పొడవాలో ఆ చెయ్యి చూపిస్తూ ఉంటుంది. 1962లో వచ్చిన 'గుండమ్మ కథ'లో రంగారావూ ఉన్నాడు. ఇద్దరి వేగాలూ పక్కపక్కన పెట్టి వినడానికి అంతకు మించిన సినిమా లేదు.

ఇప్పుడు క్రికెట్టు. కళ గురించి చెబుతూ ఇదేమిటనకండి, ఎక్కడ ఆగాలో తెలిసిన కాకినాడవాళ్ల లెక్క ఇంకా పూర్తి కాలేదు. బ్యాట్స్‌మన్ హనుమ విహారి 1993లో పుట్టింది ఆ ఊళ్లోనే. ఆట నేర్చుకుంది మాత్రం మన హైదరాబాద్‌లో.

తెలుగువాళ్ల క్రికెట్టనగానే పెద్దలు సి.కె. నాయుడు పేరెత్తుతారు. బందరు మూలాలున్న కుటుంబం, పుట్టింది నాగపూరులో. 1926లో బొంబాయిలో ఎంసీసీ మీద 11 సిక్సర్లతో 153 కొట్టాడు. 1932లో లార్డ్స్‌లో మన మొదటి టెస్టుకు కెప్టెన్ ఆయనే. ఆ ఆట ఎవరికైనా ఇట్టే నచ్చుతుంది, ఎవరూ నేర్పనక్కర్లేదు. విహారి ఆటను చూడటం నేర్చుకోవాలి.

2021 జనవరి 11, సిడ్నీ. టెస్టు చివరి రోజు, గెలుపు ఆశ పోయింది, వికెట్ కాపాడుకుంటే చాలు. విహారికి తొడ కండరం పట్టేసింది, పరుగెత్తలేడు. అటు చివర అశ్విన్‌కు నడుం నొప్పి. ఇద్దరూ కలిసి 40 ఓవర్లకు పైగా నిలబడ్డారు. విహారి 161 బంతులాడి 23 పరుగులు. మ్యాచ్ డ్రా అయింది. స్కోరు బోర్డు మీద చూస్తే అది ఆటలాగే కనపడదు. బంతి బంతికీ చూస్తే తెలుస్తుంది. ఊరిస్తూ వికెట్లకు బయటగా వచ్చిన బంతిని, ఆడదామన్న కోరికను చేతుల్లోనే ఆపేసి, బ్యాట్ పైకెత్తి వదిలేస్తాడు. తల మాత్రం బంతి వెంటే పోతుంది. రెండేళ్ల తర్వాత ఇండోర్‌లో రంజీ ఆడుతూ మణికట్టు విరిగితే, కుడిచేతి ఆటగాడు ఎడమచేతివాడిలా నిలబడి ఒంటిచేత్తో ఆడాడు. ఆ రోజు మొండితనాన్ని అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం సిడ్నీలో వదిలేసిన బంతులే ఎక్కువ ఇష్టం.

ఈసారి కామెంటరీ వినేటప్పుడు, బంతి కీపర్ చేతుల్లోకి పోయిందని చెప్పగానే చెవి పక్కకు తిప్పకండి. అది ఎటు పడిందో, బ్యాట్స్‌మన్ అడుగు ఎటు వేశాడో కామెంటేటర్ చెబుతాడు, ఆ రెండు ముక్కలూ పట్టుకోండి. వరుసగా ఓ నాలుగు బంతులు అలా పోయాయంటే బౌలర్ తర్వాతి బంతిని కాస్త లోపలికి వేస్తాడు. అక్కడి నుంచి వినండి.