హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం: ఒక ప్రాంతీయ వాణి చరిత్ర

(ప్రసంగ పాఠం)

దేశ సమైక్యతను గురించి ప్రస్తావించేటప్పుడు రైలు మార్గాలను, నదీలోయ పథకాలను, సైనిక దళాలను పేర్కొనడం పరిపాటి. ప్రతి సాయంత్రం ఒకే వేళకు ఇంటింటా వినిపించే గొంతును ఆ వరుసలో చేర్చేవారు తక్కువ. అయినప్పటికీ ఆదిలాబాదులోని ఉపాధ్యాయుడు, అనంతపురంలోని రైతు, శ్రీకాకుళంలోని గృహిణి ఒకే వార్తను, ఒకే మాటలలో, ఒకే క్షణాన వినగలగడం సామాన్య విషయం కాదు. తెలుగువారికి ఆ అనుభవాన్ని తెరమీద మొదట కలిగించినది హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం. దాని పుట్టుక, పెరుగుదల, అందులో తెరమీద కనిపించిన మనుషుల కృషి ఒక ముఖ్యమైన ప్రశ్నను ముందుంచుతాయి. దేశమంతటికీ ఒకే గొంతు వినిపించినప్పుడు ఐక్యత బలపడుతుందా, ప్రతి ప్రాంతం తన గొంతును తాను వినగలిగినప్పుడు బలపడుతుందా?

ఉపగ్రహం వేసిన పునాది

మన దేశంలో టెలివిజన్ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా ప్రారంభమైనది. దినసరి ప్రసారాలు 1965లో మొదలైనవి. ఆ సంవత్సరమే ప్రతిమా పురి తొలి వార్తా చదువరిగా తెరమీద కనిపించారు. 1967 జనవరి 26న రైతుల కోసం కృషిదర్శన్ ప్రారంభమైనది. బొంబాయికి 1972లోను, శ్రీనగర్‌కు 1973లోను, కలకత్తా, మద్రాసులకు 1975లోను కేంద్రాలు వచ్చినవి. ఇవన్నీ ప్రధానంగా నగరాల కేంద్రాలు. వాటి ట్రాన్స్‌మిటర్ల పరిధి దాటితే పల్లెలకు బొమ్మ అందేది కాదు.

హైదరాబాదు కథ ఇందుకు భిన్నమైనది. ఇక్కడ టెలివిజన్ నగరానికంటె ముందు పల్లెకు వచ్చినది. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం జరిగింది. అమెరికా వారి ఎ.టి.ఎస్-6 ఉపగ్రహం సాయంతో భారత అంతరిక్ష పరిశోధన సంస్థ దీనిని నిర్వహించింది. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా, బీహారు, మధ్యప్రదేశ్, రాజస్థాన్ రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలను ఇందుకు ఎంపిక చేశారు. కోళ్ళగూళ్ళకు వాడే తీగవలతో అల్లిన, మూడు మీటర్ల వ్యాసంగల ఏంటెనా ఆకాశంనుండి వచ్చే సంకేతాన్ని నేరుగా అందుకునేది. పాఠశాల ఆవరణలోనో, పంచాయతీ చావడిలోనో ఉంచిన టెలివిజన్ ముందు ఊరంతా కూర్చునేది.

ఈ ప్రయోగానికి కావలసిన కార్యక్రమాలను ఢిల్లీ, కటక్, హైదరాబాదులలో తయారు చేసేవారు. ఉదయం గంటన్నర పిల్లలకు; అందులో తెలుగు, కన్నడం, ఒరియా, హిందీ భాషలకు ఒక్కొక్కదానికి ఇరవై రెండున్నర నిమిషాలు. సాయంత్రం వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ సంక్షేమం వంటి విషయాలతో పెద్దలకు రెండున్నర గంటలు. ఇందులో ప్రత్యేకించి గమనించవలసిన సాంకేతిక ఏర్పాటు ఒకటున్నది. ఉపగ్రహం పంపే ఒక దృశ్యానికి రెండు ధ్వని మార్గాలు ఉండేవి. తెరమీద బొమ్మ ఒక్కటే. ఒక రాష్ట్రపు పల్లె దానిని ఒక భాషలో వింటుంటే, పొరుగు రాష్ట్రపు పల్లె అదే క్షణాన తన భాషలో వినగలిగేది. దేశానికి ఉమ్మడి దృశ్యం, ప్రాంతానికి సొంత మాట అనే సూత్రం ఆనాడే యంత్రంలో ఇమిడి ఉన్నది. ఈ ప్రయోగపు ప్రసారాలు పొరుగుదేశానికి కూడా అందినవి. సమాచార ఉపగ్రహాల సాధ్యతను 1945లోనే వివరించిన ఆర్థర్ క్లార్క్ కొలంబోలోని తన ఇంటివద్ద ఏర్పాటు చేసిన ఏంటెనా ద్వారా వాటిని చూశారు.

ఏడాది పూర్తికాగానే ఒప్పందం ప్రకారం ఉపగ్రహం వేరే పనులకు తరలిపోయింది. గ్రామాలలో టెలివిజన్ సెట్లు మిగిలినవి. వాటికి ప్రసారం లేదు. ఆ లోటును కొంతైనా తీర్చడానికి జయపూరు, హైదరాబాదు, రాయపూరు, గుల్బర్గా, సంబల్పూరు, ముజఫర్‌పూరులలో భూతల ట్రాన్స్‌మిటర్లు నెలకొల్పారు. ఆ విధంగా 1977 అక్టోబరు 23న నాటి రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి హైదరాబాదు కేంద్రాన్ని ప్రారంభించారు. రామంతాపూర్‌లో వెలసిన ఈ కేంద్రం పల్లెకు ఇచ్చిన మాటను నిలబెట్టుకోవడానికి పుట్టినదని చెప్పవచ్చు.

తెరమీది మనిషి

రేడియో చదువరికి గొంతే పెట్టుబడి. పన్యాల రంగనాథరావు, కొంగర జగ్గయ్య వంటివారు ఆకాశవాణి వార్తలు చదివిన తీరు తెలుగు శ్రోతల చెవులలో ఒక ప్రమాణాన్ని నిలిపింది. 1976 ఏప్రిల్ 1 వరకు టెలివిజన్ కూడా ఆకాశవాణిలో భాగమే కనుక ఆ ఉచ్చారణ క్రమశిక్షణ దూరదర్శన్‌కు వారసత్వంగా వచ్చింది. అయితే తెర మరొక బాధ్యతను కూడా పెంచింది. రేడియో చదువరి కాగితం చూస్తూ చదివినా శ్రోతకు తెలియదు. తెరమీది మనిషి తలవంచి చదువుతుంటే ఎదుట కూర్చున్నవారికి ఆ వార్త ఎవరికో చెబుతున్నట్లుంటుంది. కళ్ళెత్తి చెప్పినప్పుడే అది తమకు చెప్పినట్లవుతుంది.

హైదరాబాదు కేంద్రం మొదలైన ఆరేళ్ళకు, 1983 నవంబరు 14న, తెలుగు వార్తలు ప్రారంభమైనవి. తొలి వార్తలను చదివినవారు శాంతిస్వరూప్. ఆయన 1978లో దూరదర్శన్‌లో చేరి, 2011లో పదవీ విరమణ చేశారు. చదవవలసిన మాటలను కెమెరా ఎదుటనే చూపే టెలీప్రాంప్టర్ ఆ తొలి సంవత్సరాలలో లేదు. వార్తల ప్రతిని ముందుగా చదివి, మనసులో నిలుపుకొని, ప్రేక్షకుని కళ్ళలోకి చూస్తూ చెప్పవలసి వచ్చేది. ఊళ్ళ పేర్లు, అంకెలు, విదేశీ నాయకుల పేర్లు, చివరి నిమిషంలో చేతికందే కొత్త వార్త, ఏ ఒక్కటీ తడబడరాదు. ప్రత్యక్ష ప్రసారంలో తప్పు దొర్లితే తిరిగి తీసుకోవడానికి వీలుండదు. శాంతిస్వరూప్ ఈ పనిని తొందర, ఆర్భాటం లేకుండా నిర్వహించారు. 2024 ఏప్రిల్ 5న ఆయన మరణించినప్పుడు రెండు తెలుగు రాష్ట్రాలలోను ప్రేక్షకులు ఆయనను తమ ఇంటి మనిషిగా తలచుకున్నారు.

వార్తా చదువరి పక్కన అంతగా పేరు రాని మరొక వర్గం ఉన్నది. వారు అనౌన్సర్లు. కార్యక్రమానికీ కార్యక్రమానికీ నడుమ కనిపించి, రాబోయేది చెప్పి, నమస్కరించి తప్పుకునేవారు. ప్రసారం ఆగినప్పుడు ‘అంతరాయానికి చింతిస్తున్నాము’ అనే పలక తెరమీదికి వచ్చేది. ఆ పలక తొలగిన వెంటనే తొణకకుండా మాట అందుకోవలసినవారు కూడా వీరే. వ్యవసాయ శాస్త్రజ్ఞుని ఎదుట కూర్చుని, రైతు అడగదలచిన ప్రశ్నను రైతు మాటలలో అడిగే వ్యాఖ్యాత పని ఇంకా కష్టమైనది. శాస్త్రజ్ఞుడు ‘నత్రజని’ అంటే దానిని ‘యూరియా’తో ముడిపెట్టి చెప్పగలిగినవాడే పల్లె ప్రేక్షకుని నమ్మకాన్ని పొందగలడు. ఉత్తరాలకు జవాబులు, శుక్రవారపు చిత్రలహరి, ఉర్దూ కార్యక్రమాలు, ధర్మవరపు సుబ్రహ్మణ్యం నటించిన ఆనందోబ్రహ్మ వంటి హాస్య ధారావాహికలు ఈ కేంద్రాన్ని అన్ని వయసులవారికి చేరువ చేసినవి.

ఎవరి తెలుగు?

ఒక కేంద్రం ఒక రాష్ట్రమంతటికీ మాట్లాడవలసి వచ్చినప్పుడు, ఏ తెలుగులో మాట్లాడవలెను అనే ప్రశ్న తప్పదు. కోస్తా, రాయలసీమ, తెలంగాణ ప్రాంతాల పలుకుబడులు వేరు వేరు. పత్రికలు, రేడియో, సినిమా ఏర్పరచిన ప్రామాణిక భాష ప్రధానంగా కోస్తా జిల్లాల చదువుకున్నవారి వాడుకకు దగ్గరగా ఉండేది. వార్తలు అందరికీ అర్థం కావడానికి ఒక ఉమ్మడి భాష అవసరమే. కాని తన పలుకు వార్తలకు పనికిరాదని, హాస్యపాత్రలకు మాత్రమే తగినదని ఒక ప్రాంతంవారు భావించే పరిస్థితి ఏర్పడితే, ఆ ఉమ్మడి భాషే దూరాన్ని పెంచుతుంది. తెలంగాణలో ఈ ఆవేదన చాలాకాలం వినిపించింది. 2014లో రాష్ట్ర విభజన జరిగిన తరువాత హైదరాబాదు నుండి యాదగిరి, విజయవాడ నుండి సప్తగిరి అనే పేర్లతో రెండు వాహినులు ఏర్పడినవి. ఒకే స్టూడియో వారసత్వం ఇద్దరికీ చెందినది.

ఇదే ప్రశ్న దేశస్థాయిలో మరింత పెద్దదిగా ఎదురైనది. 1982 ఆగస్టు 15న జాతీయ కార్యక్రమం ప్రారంభమైనది. రంగుల ప్రసారాలు కూడా ఆనాడే వచ్చినవి. ఆ ఏడాది నవంబరులో జరిగిన ఆసియా క్రీడలను దేశమంతా కలిసి చూసింది. ఇన్సాట్-1బి ఉపగ్రహం 1983లో అంతరిక్షానికి చేరిన తరువాత, 1984లో చిన్న ట్రాన్స్‌మిటర్లు పట్టణాలలో వేగంగా నెలకొన్నవి. అయితే తొలిరోజులలో ఆ చిన్న ట్రాన్స్‌మిటర్లలో అనేకం ఢిల్లీ కార్యక్రమాన్ని మాత్రమే అందించగలిగేవి. తమ రాష్ట్ర రాజధానిలో తమ భాషలో తయారైన కార్యక్రమం తమ ఊరి తెరమీద కనిపించని వింత పరిస్థితి చాలా పట్టణాలకు అనుభవమైనది. రాత్రివేళ ముఖ్య సమయమంతా జాతీయ ప్రసారానికి పోగా, ప్రాంతీయ కేంద్రాలకు సాయంకాలపు కొద్ది గంటలే మిగిలినవి.

పీజ్, శ్రీనగర్ చెప్పే పాఠం

గుజరాత్‌లోని ఖేడా జిల్లా ఈ విషయంలో ఒక హెచ్చరిక. పీజ్ గ్రామంలో నెలకొల్పిన చిన్న ట్రాన్స్‌మిటర్ ద్వారా 1975 నుండి అహమ్మదాబాదు అంతరిక్ష ఉపయోగ కేంద్రం ఆ జిల్లా ప్రజల సమస్యలపై, వారి మాండలికంలో, వారి పాత్రతోనే కార్యక్రమాలను ప్రసారం చేసింది. కనీస కూలి, అంటరానితనం, పాల సహకార సంఘాల వ్యవహారాలు అందులో చర్చకు వచ్చేవి. ఆ కృషికి యునెస్కో గ్రామీణ ప్రసార పురస్కారం లభించింది. ఆ మరుసటి సంవత్సరమే, 1985లో, ఆ ట్రాన్స్‌మిటర్‌ను మద్రాసుకు తరలించారు. ప్రజలు నిరసన తెలిపినా నిర్ణయం మారలేదు. ఒక నగరానికి రెండవ వాహిని దొరికింది. ఒక జిల్లాకు తన గొంతు పోయింది.

ప్రాంతీయ కేంద్రంలో పనిచేయడం ఎంత ప్రమాదంతో కూడినదో శ్రీనగర్ చూపింది. అక్కడి దూరదర్శన్ సంచాలకుడు లస్సా కౌల్‌ను 1990 ఫిబ్రవరి 13న ఉగ్రవాదులు కాల్చి చంపారు. గొంతును మూయించదలచినవారు మొదట గురిపెట్టేది దానిని నడిపించే మనుషులనే. ఆ గొంతుకు ఉన్న విలువ వారికి తెలుసు కాబట్టే అలా జరిగింది.

నేటి విద్యార్థికి

1995 ఆగస్టు 27న ఈటీవీ ప్రసారాలు మొదలైన తరువాత తెలుగులో ప్రైవేటు వాహినులు పెరిగినవి. వార్తలు రోజంతా వచ్చే కాలం వచ్చింది. టెలీప్రాంప్టర్ సర్వసామాన్యమైనది. సమాచారానికి కొరత పోయి, వినేవారి ఓపికకు కొరత వచ్చింది. ఇటువంటి సమయంలో రామంతాపూర్ స్టూడియో తొలినాటి చదువరులు పాటించిన నియమాలు పాతబడలేదు. పేరును సరిగా పలకడం, అంకెను సరిచూసుకోవడం, దుర్వార్తను కేకలు లేకుండా చెప్పడం, తనకు తెలియని ప్రేక్షకుని కూడా గౌరవంతో సంబోధించడం ఏ యంత్రమూ చేసిపెట్టే పనులు కావు.

గ్రంథాలయంలో ఈ చరిత్రను చదివే విద్యార్థి ఒక పని చేయవచ్చు. తన ఇంటిలోని పెద్దలను తొలిరోజుల దూరదర్శన్ గురించి అడిగి, వారు చెప్పినది రాసి ఉంచవచ్చు. ఏ ఇంటిముందు ఎంతమంది కూర్చునేవారు, ఏ కార్యక్రమం చూసి ఏ విత్తనం వేశారు, ఏ మాట అర్థం కాక పక్కవారిని అడిగారు అనే వివరాలు ప్రభుత్వ నివేదికలలో దొరకవు. ప్రసారం గాలిలో కలిసిపోతుంది; విన్నవారి జ్ఞాపకంలోనే దాని చరిత్ర నిలుస్తుంది.

1975లో ఉపగ్రహం పంపినది ఒకే బొమ్మ, రెండు భాషల మాట. బొమ్మ అందరిదీ కావడం వల్ల మాట చిన్నబోలేదు. మాట వేరు కావడం వల్ల బొమ్మ చీలిపోలేదు. అనేక భాషల ఈ దేశానికి ఆ ఏర్పాటు నేటికీ అనుసరణీయమైనది.